ఒంటి సాక్ష్యం, కాగితం సాక్ష్యం

ఇద్దరు సాక్షులు చెరో మాట చెబితే జడ్జీగారికి ఎంత తలనొప్పో, థైరాయిడ్ వ్యవహారంలో డాక్టర్లకు నూటయాభై ఏళ్ళుగా అంత తలనొప్పి. ఒక సాక్షి రోగి ఒళ్ళు. రెండో సాక్షి పరీక్ష కాగితం. ఒళ్ళేమో "లేవలేకపోతున్నాను మొర్రో" అంటుంది. కాగితమేమో "అంతా సవ్యంగానే ఉంది" అంటుంది. ఒక్కోసారి ఇది తిరగబడుతుంది కూడాను. మనిషి ఇల్లంతా చకచకా తిరుగుతూంటే, కాగితం మాత్రం "ఈవిడకు జబ్బుంది సుమండీ" అని చాడీ చెబుతుంది.

మెడ ముందువైపున, స్వరపేటికకు కాస్త కిందుగా, తులానికీ రెండు తులాలకీ మధ్య తూగే చిన్న గ్రంథి ఇది. ఒంట్లో పొయ్యి మంట ఎంత ఉండాలో నిర్ణయించే పని దానిది. అది మందగిస్తే మంట తగ్గిపోతుంది. నీరసం, చలి, మలబద్ధకం, మతిమరుపు, జుట్టు రాలడం, తినకపోయినా ఒళ్ళు రావడం, గొంతు బొంగురుపోవడం, అన్నీ ఒక్కటొక్కటిగా వచ్చి చేరతాయి. ఈ జబ్బు మనకు కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. హైదరాబాదుతో సహా 8 నగరాలలో అయిదు వేల పైచిలుకు పెద్దవాళ్ళను పరీక్షించి 2013లో ప్రకటించిన లెక్క ప్రకారం నూటికి దాదాపు 11 మందికి ఈ మాంద్యం ఉంది. నలుగురు చుట్టాలు కలిసినచోట ఒకరి చేతిసంచీలోనైనా ఆ చిన్న మాత్రల సీసా ఉండి తీరుతుంది.

నేను వైద్యుణ్ణి కాను. మా ఇంట్లోనూ ఆ సీసా ఉంది. సాక్షులిద్దరూ కొట్లాడుకోవడం కళ్ళారా చూశాను. అందుకని ఈ తగువు ఎప్పుడు పుట్టింది, ఏ కాలంలో ఏ సాక్షి మాట చెల్లింది అని పాత సంగతులు తిరగేస్తూ వచ్చాను. చూడగా చూడగా ఇది కథలా ఉంది.

మొదట్లో కాగితమన్నదే లేదు. 1873లో లండనులో సర్ విలియం గల్ అనే పెద్ద వైద్యుడు క్లినికల్ సొసైటీ అనే సభలో ఒక వ్యాసం చదివాడు. నడివయసు స్త్రీలు కొందరు ఉన్నట్టుండి మారిపోతున్నారు, ముఖం గుండ్రంగా ఉబ్బుతోంది, నాలుక మందమై మాట ముద్దగా వస్తోంది, చురుకుదనం పోయి మందకొడిగా తయారవుతున్నారు అని ఆయన చెప్పాడు. ఆల్ప్స్ కొండలలో పుట్టుకతోనే ఎదుగుదలా బుద్ధీ మందగించిన పిల్లలను క్రెటిన్లు అనేవారు. పెద్దయ్యాక కొందరు స్త్రీలకు అలాంటి స్థితి వస్తోందని ఆయన వాదన. ఎందుకు వస్తోందో ఆయన చెప్పలేదు. థైరాయిడే దీనికి కారణమని ఆయన అనలేదు. కళ్ళతో చూశాడు, చెవులతో విన్నాడు, రాశాడు. అంతే. 1878లో విలియం ఆర్డ్ అనే మరో వైద్యుడు దీనికి మిక్సిడీమా అని పేరు పెట్టాడు.

అప్పటికి రోగి ముఖమే రిపోర్టు. ఇది వినడానికి బాగానే ఉంటుంది గానీ, ముఖం చూసి జబ్బు పోల్చాలంటే జబ్బు బాగా ముదరాలి. ముదరకముందు ఉన్నవాళ్ళ మాట ఎవరూ పట్టించుకోలేదు. ముదిరినవాళ్ళ గతి మరీ అన్యాయం. 1888లో క్లినికల్ సొసైటీ కమిటీ వంద పైచిలుకు రోగులను పరిశీలించి పెద్ద నివేదిక అచ్చువేసింది. అందులో దాదాపు సగం మందికి లేనిపోని భ్రమలు కలుగుతున్నాయని రాశారు. గొంతులోని గ్రంథి చేసిన పనికి పిచ్చివాళ్ళ ఆస్పత్రి పాలైనవాళ్ళు ఉన్నారన్నమాట. అరవై ఏళ్ళ తర్వాత కూడా, 1949లో, రిచర్డ్ ఆషర్ అనే లండను డాక్టరు అలాంటి 14 మంది కథలు రాశాడు. గ్రంథి సారం ఇవ్వగానే వాళ్ళలో ఎక్కువమందికి బుద్ధి స్థిమితపడింది. తోటి డాక్టర్లు చూసీ చూడకుండా వదిలేసిన ముఖాలను ఆయన మళ్ళీ పోల్చాడు.

ఈలోగా స్విట్జర్లాండులో మరో నాటకం నడిచింది. బెర్న్ నగరంలో థియోడోర్ కోకర్ అనే శస్త్రవైద్యుడుండేవాడు. ఆ కొండల మట్టిలో అయొడిన్ తక్కువ. ఊరికి సగం మంది గొంతుల్లో గాయిటర్ గడ్డలు. (మన కాంగ్రా లోయలోనూ ఇదే బాధ. 1956లో అక్కడ ఉప్పులో అయొడిన్ కలిపి ఇచ్చి గడ్డలు తగ్గుతాయని చూపించిన పరిశోధనకు నాయకుడు శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నంలో వైద్యం చదివిన డాక్టర్ వి. రామలింగస్వామి. మనవాడని చెప్పుకోకుండా ఉండబుద్ధి కావడం లేదు.) కోకర్‌ది అతి నేర్పైన చెయ్యి. రక్తం పోకుండా, సూక్ష్మక్రిములు చేరకుండా గడ్డను మొత్తం తీసేసేవాడు. గొంతు ఆపరేషనంటే చావే అనుకునే రోజులలో ఆయన రోగులు నడిచి ఇంటికి వెళ్ళేవారు. పుస్తకంలో చూస్తే అన్నీ విజయాలే!

1874లో ఆయన పదకొండేళ్ళ పిల్లకు గ్రంథి పూర్తిగా తీసేశాడు. కొన్నాళ్ళకు ఆ ఊరి డాక్టరు ఒకాయన, పిల్ల మారిపోయిందండీ అని కబురు చెప్పాడు. తొమ్మిదేళ్ళ తర్వాత ఆ పిల్లనూ, ఆమె చెల్లెలినీ పక్కపక్కన నిలబెట్టి ఫొటో తీశారు. ఒకప్పుడు ఎవరు అక్కో ఎవరు చెల్లెలో పోల్చలేనట్టుండేవారట. ఇప్పుడు చెల్లెలు ఎదిగి పెళ్ళీడు పిల్ల అయింది. అక్క పొట్టిగా, ఉబ్బిన ముఖంతో, మందబుద్ధిగా ఉండిపోయింది. కోకర్ తన పాత రోగులను వెనక్కి పిలిపించాడు. గ్రంథిని పూర్తిగా తీయించుకున్నవాళ్ళలో 18 మందిని పరీక్షిస్తే 16 మంది అదే దారిలో ఉన్నారు. 1883లో బెర్లినులో శస్త్రవైద్యుల మహాసభలో లేచి నిలబడి, ఆ సంగతి తానే చెప్పాడు. మొత్తం గ్రంథిని తీయడం ఇక మానేశానన్నాడు. 1909లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. నాకు మాత్రం ఆయన చేతినేర్పు కంటే, రోగులను వెనక్కి పిలిచి చూడడం గొప్పగా తోస్తుంది. ఆపరేషను విజయవంతమని రాసిపెట్టుకున్న కాగితాన్ని పక్కన పెట్టి ఒంటి సాక్ష్యం వినడమంటే మాటలు కాదు.

అదే ఏడాది ఫెలిక్స్ సెమన్ అనే ఆయన లండను సభలో ముడి వేశాడు. కోకర్ రోగులకు వచ్చిందీ, గల్ చూసిన స్త్రీలకు వచ్చిందీ, కొండల్లో పిల్లలకు వచ్చిందీ ఒక్కటే, మూడింటికీ థైరాయిడ్ లేకపోవడమే కారణం అన్నాడు. ఆ మాట నిజమో కాదో తేల్చడానికే పైన చెప్పిన కమిటీ పుట్టింది.

మందు సంగతికి వస్తే గొర్రెలకు దండం పెట్టాలి. 1891లో ఇంగ్లండు ఉత్తరాదిన న్యూకాసిల్‌లో జార్జ్ మర్రే అనే పాతికేళ్ళ డాక్టరు, గొర్రె థైరాయిడ్ నుంచి తీసిన రసాన్ని ఒక 46 ఏళ్ళ స్త్రీకి సూదిమందుగా ఇచ్చాడు. ఈ ఆలోచన ముందుగా బయటపెట్టినప్పుడు ఒక పెద్దాయన వెక్కిరించాడట, ఇదేదో వెన్నుపాము జబ్బుకు వెన్నుపాము నూరి పొడిచినట్టుందని. కొద్ది నెలల్లో ఆమె ముఖం వాపు దిగింది, మాట తేరుకుంది, చెమట పట్టడం మొదలైంది. చెమట పడితే సంతోషించిన రోగిని ఈమెనే చూస్తాం కాబోలు! మరుసటి ఏడాదికల్లా సూది అక్కర్లేదు, నోటితో తిన్నా పనిచేస్తుందని తేలింది. ఎడ్వర్డ్ ఫాక్స్ అనే డాక్టరు గొర్రె గ్రంథిలో సగం ముక్కను సన్నని మంట మీద వేయించి, తరిగి, పండ్ల జెల్లీతో కలిపి వారానికోసారి పెట్టేవాడు. మన వంటింట్లో అయితే దానికి అల్లంవెల్లుల్లి పట్టించి ఉండేవారు.

మర్రే మొదటి రోగి 1919 దాకా, 74 ఏళ్ళు వచ్చేదాకా బతికింది. ఆ ఇరవై ఎనిమిదేళ్ళలో ఆమె పుచ్చుకున్న రసం తొమ్మిది పైంట్ల పైచిలుకు, అంటే దాదాపు అయిదు లీటర్లు. దానికోసం 870కి పైగా గొర్రెలు గ్రంథులు సమర్పించుకున్నాయని మర్రే స్వయంగా లెక్కగట్టి 1920లో రాశాడు. అన్నేళ్ళూ మోతాదు ఎలా నిర్ణయించారు? ముఖం చూసి, ఎలా ఉందమ్మా అని అడిగి. రక్తపరీక్ష ఊసే లేదు.

ఇక్కడి నుంచి కాగితం ప్రవేశం. 1895లో ఆడాల్ఫ్ మాగ్నస్-లెవీ అనే జర్మను శాస్త్రజ్ఞుడు, థైరాయిడ్ తగ్గినవాళ్ళు పీల్చుకునే ప్రాణవాయువు తక్కువనీ, గ్రంథిసారం ఇస్తే పెరుగుతుందనీ కనిపెట్టాడు. పొయ్యిలో మంట ఎంతో తెలియాలంటే గాలి ఎంత పీలుస్తోందో కొలవడమే కదా. దీని నుంచే బి.ఎం.ఆర్. పరీక్ష పుట్టింది. రాత్రి నుంచి ఉపవాసం ఉండి, పొద్దున్నే కదలకుండా పడుకోవాలి. ముక్కుకు క్లిప్పు పెట్టి, నోట్లో గొట్టం పెడతారు. ఒక డ్రమ్ము మీద గీతలు పడతాయి. మామూలు మనిషి లెక్క కంటే నూటికి ఇంత తక్కువ అని చీటీ ఇస్తారు. 1920ల నుంచి ముప్ఫై ఏళ్ళపాటు అమెరికాలోనూ యూరపులోనూ ఈ చీటీయే వేదవాక్కు.

చిక్కేమిటంటే, ముక్కు మూసి నోట్లో గొట్టం పెడితే కంగారు పడని మనిషెవడు? కంగారు పడితే అంకె పెరుగుతుంది. బక్కచిక్కి తిండిలేక ఉంటే తగ్గుతుంది. థైరాయిడ్ సుబ్బరంగా ఉన్నా, కొంచెం తక్కువ అంకె వచ్చిన అలసట మనుషులు ఎందరో ఏళ్ళతరబడి గ్రంథి మాత్రలు మింగారు. సరిగ్గా మింగవలసినవాళ్ళలో కొందరికి అంకె బాగుందని మందు దక్కలేదు.

ఇంతకంటే ఆలోచించవలసిన సంగతి మన మద్రాసులో జరిగింది. అక్కడి విమెన్స్ క్రిస్టియన్ కాలేజీలో ఎలినార్ మేసన్ అనే అధ్యాపకురాలు, బోస్టనులోని ఫ్రాన్సిస్ బెనెడిక్ట్ అనే శాస్త్రజ్ఞుడితో కలిసి దక్షిణాది స్త్రీలకు ఈ పరీక్ష చేసి 1931లో ప్రకటించారు. అమెరికా స్త్రీల లెక్కతో పోలిస్తే మనవాళ్ళ అంకె గణనీయంగా తక్కువ. అమెరికా చీటీని పట్టుకుని చూస్తే, పాపం కాలేజీకి హాయిగా నడిచివచ్చి పరీక్షలు పాసవుతున్న మద్రాసు పిల్లలలో చాలామందికి జబ్బున్నట్టే లెక్క! "మామూలు" అన్న గీత ఎవరిని నిలబెట్టి గీశారు అన్న ప్రశ్న నాకు అక్కడే పట్టుకుంది. ఈ ప్రశ్న మళ్ళీ వస్తుంది.

చీటీ మీద తిరుగుబాటు కూడా వచ్చింది. బ్రోడా బార్న్స్ అనే అమెరికా డాక్టరు 1942లో, యంత్రం ఎందుకు, తెల్లవారగానే చంకలో థర్మామీటరు పెట్టుకుని చూడండి, వేడి తక్కువైతే థైరాయిడ్ తక్కువన్నట్టే అన్నాడు. 1976లో పుస్తకం రాసేనాటికి ఆయన లెక్కలో అమెరికా జనాభాలో నూటికి నలభై మంది ఈ జబ్బువాళ్ళే. ఒక సాక్షిని నమ్మకపోతే రెండోసాక్షి ఎంతమందిని బోను ఎక్కించగలదో దీన్నిబట్టి తెలుస్తుంది. ఒంటి వేడి తగ్గడానికి సవాలక్ష కారణాలు.

రసాయనశాలలో పని వేరుగా సాగుతూ వచ్చింది. 1914 క్రిస్మసు రోజున ఎడ్వర్డ్ కెండాల్ అమెరికాలో ఆ గ్రంథి సారాన్ని స్ఫటికాలుగా తీశాడు. తర్వాత మూడు టన్నుల పంది గ్రంథుల నుంచి ఆయనకు వచ్చింది ముప్ఫై మూడు గ్రాములు. 1926లో హారింగ్టన్ దాని నిర్మాణం తేల్చి, మరుసటి ఏడు బార్జర్‌తో కలిసి కృత్రిమంగా తయారుచేశాడు. అదే థైరాక్సిన్, మనం టి-4 అనుకునేది. 1952లో గ్రాస్, పిట్-రివర్స్ అనే ఇద్దరు దానికంటే చురుకైన టి-3ని కనిపెట్టారు. రక్తంలో ప్రోటీనుకు అంటుకున్న అయొడిన్ కొలిచే పరీక్ష నడుమ కొన్నేళ్ళు ఏలింది. కానీ ఎక్స్‌రే కోసం అయొడిన్ రంగు ఎక్కించుకున్నవాళ్ళకు అది నెలలతరబడి తప్పుడు సాక్ష్యమే చెప్పేది.

అసలైన సాక్షి 1960లలో వచ్చాడు. రక్తంలో అత్యల్పంగా ఉండే హార్మోన్లను కొలిచే ఉపాయం న్యూయార్కులో రోజలిన్ యాలో, సాల్మన్ బెర్సన్ అనే ఇద్దరు కనిపెట్టారు. బెర్సన్ 1972లో పోయాడు, యాలోకి 1977లో నోబెల్ వచ్చింది. ఆ ఉపాయంతోనే 1965 ప్రాంతంలో టి.ఎస్.హెచ్. కొలవడం సాధ్యమైంది.

టి.ఎస్.హెచ్. థైరాయిడ్ వండేది కాదు. మెదడు కింద పీయూష గ్రంథి పంపేది. పెళ్ళిలో వంటవాడు కునుకు తీస్తే పెళ్ళిపెద్ద కేకలు పెడతాడు చూడండి, ఆ కేక అది. వంటవాడు చురుగ్గా ఉంటే కేక తక్కువ. మందగిస్తే కేక పెరుగుతుంది. వంట ఎంత ఉడికిందో తెలియకముందే కేకను బట్టి లోపలి సంగతి పసిగట్టవచ్చు. మందగించడానికి కారణం చాలాసార్లు మన ఒంటి రక్షణ దళమే ఆ గ్రంథిని శత్రువనుకుని కొట్టడం. 1912లో జపానులో హషిమోటో హకారు అనే యువ వైద్యుడు నలుగురు స్త్రీల గ్రంథులను చూసి దీన్ని వర్ణించాడు గనక ఆయన పేరే పెట్టారు. ఎందుకు జరుగుతోందో 1956లో గానీ తెలియలేదు.

కేకను కొలవడం వచ్చాక మోతాదుల సంగతి బయటపడింది. ముఖం చూసీ, బి.ఎం.ఆర్. చూసీ ఇచ్చే రోజుల్లో రోజుకు 200 నుంచి 400 మైక్రోగ్రాముల థైరాక్సిన్ మామూలు. ఇప్పుడు పూర్తి మోతాదంటే మనిషి బరువులో కిలోకు 1.6 మైక్రోగ్రాములు, అరవై కిలోల మనిషికి సుమారు 100. అంటే రెండింతలూ మూడింతలూ మింగారన్నమాట. తగ్గించమంటే ఎందరో లబోదిబోమన్నారు. "అదే మోతాదులో నేను హాయిగా ఉన్నానండీ!" నిజంగానే హాయిగా ఉండి ఉండవచ్చు. కానీ గుండె సంగతి వేరు. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ ఊరి జనాన్ని ఏళ్ళతరబడి గమనించి 1994లో ప్రకటించిన లెక్క చూడండి. అరవై దాటినవాళ్ళలో టి.ఎస్.హెచ్. మరీ అడుగంటినవాళ్ళకు, గుండె లయ తప్పే జబ్బు పదేళ్ళలో మూడు రెట్లు ఎక్కువగా వచ్చింది. ఇక్కడ కాగితానిదే గెలుపు. ఒళ్ళు హాయిగా ఉందని చెబుతూనే లోపల గుండె గోతిలో పడుతూ ఉండవచ్చు.

ఇంత చెప్పాక, అంతా కాగితానికే అప్పగిద్దామంటే అదీ కుదరలేదు. మాత్ర వేసుకుంటున్నారు, టి.ఎస్.హెచ్. గీతల మధ్యకు వచ్చింది, అయినా నీరసం వదలని మనుషులు అన్ని దేశాల్లోనూ మిగిలారు.

మా పిన్ని సంగతే చెబుతాను. పదేళ్ళుగా మాత్ర వేసుకుంటోంది. రెండేళ్ళ కిందట మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నానికల్లా కళ్ళు మూతలు. పరీక్ష చేయిస్తే టి.ఎస్.హెచ్. 2.9. డాక్టరుగారు కాగితం మీంచి తల ఎత్తకుండానే "రిపోర్టు బావుందమ్మా, మీరు బానే ఉన్నారు" అన్నారు. పిన్ని ఊరుకుంటుందా? "రిపోర్టు బావుంటే వంట రిపోర్టునే చెయ్యమనండి బాబూ, నేను కాసేపు నడుం వాలుస్తాను" అంది. మరొకచోట చూపిస్తే హెమోగ్లోబిన్ 8 అని తేలింది. నీరసం నిజం, కాగితమూ నిజమే. నేరస్థుడు వేరు. ఇనుము మాత్రలు రాశారు. మూడు నెలల్లో పిన్ని గుడిమెట్లు ఆగకుండా ఎక్కింది. అప్పుడు మళ్ళీ పరీక్ష చేయిస్తే టి.ఎస్.హెచ్. 9! ఒళ్ళు బాగున్నప్పుడు కాగితం పాడైంది. రెండో డాక్టరమ్మగారు అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఇనుము మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నారు పిన్నిగారూ?" "పొద్దున్నేనమ్మా, రెండూ కలిపే. మళ్ళీ మరిచిపోతానేమోనని." ఇనుము థైరాక్సిన్‌ను కడుపులోనే పట్టేసుకుని ఒంటికి అందనివ్వదని 1992లోనే పరిశోధకులు చూపించారు. రెండు మాత్రలకూ మధ్య నాలుగు గంటల ఎడం పెట్టాక, మోతాదు పెంచకుండానే అంకె దిగింది.

ఇనుమొక్కటే కాదు. కాల్షియం మాత్రదీ అదే బుద్ధి. మన తెలుగువాళ్ళకు అన్నిటికంటే పెద్ద శత్రువు పొద్దుటి కాఫీ. మాత్ర మింగిన నోటితోనే కాఫీ తాగితే మందు ఒంటికి ఎక్కడం తగ్గుతుందని 2008లో ఇటలీ డాక్టర్లు రాశారు. కాఫీ కోసం ప్రాణం పెట్టే దేశంవాళ్ళే ఈ మాట చెప్పారంటే నమ్మక తప్పదు. ఇక జుట్టు కోసం వేసుకునే బయోటిన్ మాత్రలైతే జబ్బును కాదు, పరీక్షనే మోసం చేస్తాయి. ఒంట్లో ఏమీ మారకుండా కాగితం మీద అంకెలు మారతాయని 2017లో అమెరికా ఔషధ శాఖ హెచ్చరించింది. థైరాయిడ్ మందగిస్తే జుట్టు రాలుతుంది, జుట్టు రాలుతోందని బయోటిన్ కొంటారు, బయోటిన్ పరీక్షను తప్పు దారి పట్టిస్తుంది. ఎంత చక్కని గొలుసు! మోతాదు మార్చిన పదో రోజుకే పరీక్షకు పరిగెత్తేవాళ్ళూ ఉన్నారు. థైరాక్సిన్ సగం ఖర్చు కావడానికే ఒంట్లో వారం పడుతుంది. కేక సర్దుకోవడానికి ఆరు వారాలైనా ఆగాలి.

ఇవన్నీ సరిచూసుకున్నా తగువు మిగిలేవాళ్ళ మాటేమిటి? ఇక్కడ "మామూలు" అన్న గీత ప్రశ్న మళ్ళీ వస్తుందన్నాను కదా. 2002లో డెన్మార్కు పరిశోధకులు 16 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ళ రక్తాన్ని నెలకోసారి చొప్పున ఏడాదిపాటు పరీక్షించారు. తేలిందేమిటంటే, ఏ మనిషికామనిషికి అంకెలు చాలా ఇరుకైన హద్దులలోనే తిరుగుతాయి. ఆ ఇరుకు, కాగితం మీద అచ్చువేసే హద్దులలో సుమారు సగం. బజారులో చొక్కాలు 36 నుంచి 44 దాకా దొరుకుతాయి గనక ఏ చొక్కా అయినా మీకు సరిపోతుందనడం లాంటిదన్నమాట, అందరికీ కలిపి గీసిన గీత. గీతల మధ్యనే ఉన్నా, తన సొంత కొలతకు దూరంగా ఉన్నవాడు ఉండవచ్చు.

ఇది విని, చూశారా ఒళ్ళే నిజం అని సంబరపడేవాళ్ళకు 2001లో గ్లాస్గోలో జరిగిన పరిశోధన కొంచెం చేదు. లక్షణాలన్నీ ఉండి రక్తపరీక్ష మాత్రం మామూలుగా ఉన్నవాళ్ళకు కొన్నాళ్ళు థైరాక్సిన్, కొన్నాళ్ళు ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఏది ఎప్పుడు ఇచ్చిందీ వాళ్ళకూ తెలియదు, ఇచ్చినవాళ్ళకూ తెలియదు. ఉత్తుత్తి మాత్ర కంటే థైరాక్సిన్ ఒక్క పిసరు కూడా ఎక్కువ చెయ్యలేదు. 2017లో యూరపులో 65 దాటిన 737 మంది మీద మరో పెద్ద పరిశోధన జరిగింది. వాళ్ళకు టి.ఎస్.హెచ్. కొంచెం పెరిగి ఉంది, టి-4 మాత్రం సరిగానే ఉంది. మాత్రతో కాగితం బాగుపడింది. నీరసం మాత్రం ఉన్నచోటనే ఉంది. అలాంటప్పుడు మందు ఎవరికి ఇస్తున్నట్టు, మనిషికా కాగితానికా అని నాకు అనుమానం వచ్చింది.

అలాగని కొంచెం పెరిగిన అంకెను బొత్తిగా తీసిపారెయ్యడమూ కుదరదు. మర్రే గొర్రెరసం ఇచ్చిన న్యూకాసిల్ పక్కనే విఖం అనే ఊరుంది. అక్కడ 2,779 మందిని పరీక్షించి 1977లో ఒక లెక్క ప్రకటించారు. ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ వెతుక్కుంటూ వెళ్ళి చూశారు. టి.ఎస్.హెచ్. పెరిగి, గ్రంథి మీద దాడిచేసే ప్రతిరక్షకాలు కూడా ఉన్న స్త్రీలలో ఏడాదికి నూటికి నలుగురి చొప్పున పూర్తి జబ్బులోకి జారారు. ఒళ్ళింకా ఏమీ చెప్పకముందే కాగితం చెప్పిన సంగతి అది.

మిగిలింది టి-3 కథ. మాత్రలో ఉండే టి-4ను ఒళ్ళు తనంత తానే టి-3గా మార్చుకుంటుందని 1970లో తేలాక, ఇక ఒక్క టి-4 చాలునని డాక్టర్లు తీర్మానించుకున్నారు. గొర్రె, పంది గ్రంథుల పొడిలో రెండూ ఉండేవి. అది మానేశాక తమకేదో వెలితిగా ఉందని కొందరు రోగులు గొణుగుతూనే వచ్చారు. 1999లో లిథువేనియాలో 33 మందికి టి-4లో కొంత తగ్గించి టి-3 కలిపి ఇస్తే, మనసూ బుద్ధీ తేలికపడ్డాయని ప్రకటన వెలువడింది. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. తర్వాత ఎన్నోచోట్ల అదే పరీక్ష చేస్తే, మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కానీ కొందరు రోగులు మాత్రం కలిపి ఇచ్చిందే బాగుందన్నారు.

చివరికి 2012లో యూరపు థైరాయిడ్ సంఘంవారు మధ్యేమార్గం ఒకటి రాశారు. టి-4 సరిగ్గా వేసుకుంటూ, అంకె బాగుండి, నీరసానికి రక్తహీనత వంటి వేరే కారణాలేవీ లేవని తేలినవాళ్ళకు, గర్భిణులకూ గుండె లయ తప్పినవాళ్ళకూ తప్ప, అనుభవమున్న డాక్టరు పర్యవేక్షణలో రెండూ కలిపి ఇచ్చి చూడవచ్చు. టి.ఎస్.హెచ్. హద్దు దాటకుండా చూస్తూ ఉండాలి. మూడు నెలల్లో గుణం కనిపించకపోతే ఆపెయ్యాలి. ఆ గుణం కనిపించిందో లేదో తేల్చే పరీక్ష ఏ ప్రయోగశాలలోనూ లేదు. మూడు నెలలయ్యాక డాక్టరుగారు కుర్చీ ముందుకు జరుపుకుని, ఎలా ఉందమ్మా అని అడగవలసిందే.